టైమ్ తగ్గింది సరే, స్పీడ్ ఎందుకు పెరగలేదు? లాంచ్ గ్రిప్ గురించి మీ ఫోన్ చెప్పేదీ, చెప్పలేనిదీ

మైండ్‌స్పేస్ బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా మా టీమ్‌మేట్ ఒకడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. రెండు స్క్రీన్‌షాట్లు. రెండూ ఒకే యాప్‌వి, ఫోన్ జీపీఎస్‌తో కారు పర్ఫార్మెన్స్ కొలిచే రకం. మొదటిది ఆగస్టులో తీసింది: 402 మీటర్లు, 17.2 సెకన్లు, చివర్లో వేగం గంటకి 138 కి.మీ. రెండోది జనవరిది: అదే దూరం, 16.1 సెకన్లు, 139 కి.మీ.

"చూశావా మామా, రీమ్యాప్ చేయించా. సెకను పైనే తగ్గింది" అన్నాడు. ఈసీయూ రీమ్యాప్‌కి నలభై వేలు పెట్టాడట. పవర్ పదిహేను శాతం పెరుగుతుందని ట్యూనర్ చెప్పాడట. మా వాడి ముఖంలో ఆనందం చూస్తే అప్రైజల్ రోజున కూడా అంత చూడలేదు.

నేను ఒక్కటే అడిగాను: "మరి స్పీడ్ ఎందుకు పెరగలేదురా?"

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషానికి నా దగ్గరా అనుమానమే తప్ప జవాబు లేదు. ఎక్కడ కొలిచావని అడిగితే "ఔటర్ మీద, తెల్లవారుజామున" అన్నాడు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ రాత్రి ఇంటికెళ్లి పైథాన్‌లో ఓ ఇరవై లైన్ల కోడ్ రాసుకున్నాక వచ్చిన జవాబు ఈ ఆర్టికల్. మీ ఫోన్లో ఇలాంటి యాప్ ఉన్నా, లేదా కొత్త ఈవీ స్పెక్ షీట్‌లో 'జీరో టు హండ్రెడ్' చూసి బుక్ చేసే ఆలోచనలో ఉన్నా మీకు పనికొస్తుంది.

రెండు నంబర్లు, రెండు వేరే ప్రశ్నలు

డ్రాగ్ రేస్ అంటే నిలబడ్డ చోటి నుంచి నేరుగా 402 మీటర్లు, అంటే పావు మైలు. చివర్లో చీటీ మీద రెండు ముఖ్యమైన నంబర్లు వస్తాయి. ఒకటి, గీత దాటిన దగ్గర్నుంచి ఫినిష్ వరకు పట్టిన టైమ్. రెండోది ట్రాప్ స్పీడ్, అంటే చివరి 20 మీటర్లలో బండి సగటు వేగం. పచ్చలైటు వెలిగాక మీరు ఎంత ఆలస్యంగా కదిలారన్నది టైమ్‌లో కలవదు, అది వేరే లెక్క.

చాలామంది ఈ రెండూ కలిసే నడుస్తాయనుకుంటారు. టైమ్ తగ్గితే స్పీడ్ పెరిగి ఉండాలి కదా అని. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ డ్రాగ్ రేసింగ్ చేసేవాళ్లు చీటీని అలా చదవరు. మొదటి 60 అడుగుల టైమ్ చూసి లాంచ్ ఎలా ఉందో చెబుతారు, ట్రాప్ స్పీడ్ చూసి ఇంజన్లో ఎంత దమ్ముందో చెబుతారు. మధ్యలో ఉన్న మొత్తం టైమ్ ఈ రెండింటి కలగలుపు.

ఎందుకలా? బండి కదిలే మొదటి రెండు మూడు సెకన్లలో ఇంజన్ పవర్‌కి పెద్దగా పనుండదు. పవర్ ఎంతున్నా దాన్ని రోడ్డు మీద పెట్టాల్సింది టైరు. టైరు పట్టు దాటి తోస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, బండి అంత ముందుకు రాదు. వేగం పెరిగేకొద్దీ అదే పవర్‌కి వచ్చే తోపు తగ్గిపోతుంది (పవర్ అంటే తోపును వేగంతో గుణించడమే కదా, బీటెక్ ఫస్టియర్). ఒక వేగం దాటాక టైరు పట్టు మిగిలిపోతుంది, పవరే సరిపోదు. అక్కడి నుంచి ఫినిష్ దాకా ఇంజన్‌దే ఆట.

ఇరవై లైన్ల లెక్క

ఒక సగటు కారు తీసుకున్నాను. డ్రైవర్‌తో కలిపి 1,500 కిలోలు, చక్రాల దగ్గర 100 కిలోవాట్ల పవర్, గాలి నిరోధం మామూలుగా కారుకుండేంత. గేర్లు మార్చే టైమ్ వేయలేదు, ఎలక్ట్రిక్ అనుకోండి.

మొదటి రన్‌లో టైర్లు బాగా పట్టాయి. గురుత్వ త్వరణంలో సగం, అంటే 0.5 జీతో బండి కదిలింది. దాదాపు 19 మీటర్లు వెళ్లేసరికి 49 కి.మీ. వేగం, 2.8 సెకన్లు. రెండో రన్‌లో చక్రాలు జారాయి, ఆ 19 మీటర్లూ 0.3 జీ మాత్రమే దొరికింది. అక్కడికి చేరేసరికి 38 కి.మీ., దాదాపు 3.6 సెకన్లు. ఆ తర్వాత రెండు రన్‌లకీ పట్టు సమస్య లేదు, ఒకే పవర్, ఒకే రోడ్డు.

ఫినిష్ దగ్గర ఏమైంది? మొదటి రన్ 146.4 కి.మీ. వేగంతో గీత దాటింది. రెండోది 145.7.

ఇంతే. లాంచ్‌లో పదకొండు కిలోమీటర్లు వెనకబడ్డ బండి ఫినిష్ దగ్గర ఒక్క కిలోమీటరు కూడా వెనకబడలేదు. కానీ టైమ్‌లో మాత్రం రెండిటికీ మధ్య సెకను పైనే తేడా. లాంచ్‌లో పోయిన 0.8 సెకన్లు చివరికి 1.2 అయ్యాయి, ఎందుకంటే తక్కువ వేగంతో బయల్దేరిన బండి మిగతా దూరంలో చాలాసేపు వెనకే ఉండి మెల్లగా అందుకుంటుంది. డ్రాగ్ రేసర్ల పాత లెక్క ఒకటుంది: 60 అడుగుల దగ్గర పదో వంతు సెకను పోతే ఫినిష్ దగ్గర ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు పోతాయని. నా కోడ్ సరిగ్గా ఆ ఒకటిన్నర దగ్గర ఆగింది. కోడ్ కరెక్టేనన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

దీని వెనకున్న గణితం నాకు భలే నచ్చింది, అందుకే ఒక పేరా ఎక్కువ రాస్తున్నా, వద్దనుకుంటే దాటేయండి. పవర్ స్థిరంగా ఉన్నప్పుడు వేగానికి ఘనం, అంటే వేగాన్ని మూడుసార్లు గుణించిన విలువ, దూరంతో పాటు పెరుగుతుంది. లాంచ్ దగ్గర మీకున్న వేగం కూడా ఘనంగానే ఈ లెక్కలో చేరుతుంది. 49కి ఘనం ఎంత, 146కి ఘనం ఎంత? మొదటిది రెండో దానిలో ఇరవై ఆరో వంతు కూడా ఉండదు. 38 అయితే ఇంకా చిన్నది. ఆ చిల్లర మీద ఫినిష్ వేగం ఆధారపడదు. పైగా గాలి నిరోధం ఆ చిల్లరని కూడా దారిలో మింగేస్తుంది: గాలి లేకుండా లెక్కేస్తే తేడా 0.9 కి.మీ. వచ్చింది, గాలి కలిపితే 0.7కి దిగింది.

సూటిగా చెప్పాలంటే బండికి లాంచ్ గుర్తుండదు. గడియారానికి గుర్తుంటుంది.

నలభై వేల సంగతి

ఇప్పుడు మా వాడి స్క్రీన్‌షాట్లకి వద్దాం. అదే గణితం ఇంకో మాట కూడా చెబుతుంది: ఫినిష్ వేగం పవర్‌కి ఘనమూలంగా పెరుగుతుంది. గాలి నిరోధం ఉన్నా సరే. పవర్ పదిహేను శాతం పెరిగితే వేగం 4.8 శాతం పెరగాలి. 138లో అది 6 కి.మీ. పైనే. అంటే రీమ్యాప్ నిజంగా చెప్పినంత పని చేసి ఉంటే రెండో స్క్రీన్‌షాట్‌లో 144 కనిపించాలి. కనిపించింది 139.

మరి 1.1 సెకన్లు ఎక్కణ్నుంచి తగ్గాయి? "టైర్లేమైనా మార్చావా?" అని మర్నాడు అడిగాను. డిసెంబర్లో మార్చాడట. పాతవి అరిగిపోయాయట. ఆగస్టు రన్ వాన పడి ఆగిన తెల్లవారుజామున చేశాడట. వాడిది ముందు చక్రాలతో నడిచే కారు. లాంచ్‌లో బండి బరువు వెనక్కి వాలుతుంది, తోయాల్సిన ముందు చక్రాలు తేలికైపోతాయి, ఉన్న పట్టు కూడా తగ్గుతుంది. అరిగిన టైరు, తడి రోడ్డు, తేలికైన ముందు భాగం. మూడూ కలిస్తే మొదటి 20 మీటర్లలో చక్రాలు ఊరికే తిరిగి ఉంటాయి. జనవరిలో కొత్త టైరు, పొడి రోడ్డు. టైమ్ తగ్గక ఏం చేస్తుంది?

ఒక జాగ్రత్త చెప్పాలి. రోడ్డు కొద్దిగా ఎత్తు వాలున్నా, ఎదురుగాలి ఉన్నా ట్రాప్ స్పీడ్ మారుతుంది. ఒకే చోట, ఒకే దిశలో, కనీసం మూడు రన్‌లు లేకుండా తీర్పు చెప్పకూడదు. నేను కూడా వాడికి 'రీమ్యాప్ పని చేయలేదు' అని చెప్పలేదు. 'ఈ రెండు ఫొటోలూ అది పని చేసిందని చెప్పట్లేదు' అన్నాను. ఈ రెండు మాటలకీ తేడా ఉంది. టెస్టింగ్ టీమ్ వాళ్లకి ఈ బాధ బాగా అర్థమవుతుంది.

ఫోన్ ఏది కొలవగలదు?

మన సైట్ చదివేవాళ్లకి అసలు ప్రశ్న ఇది. ఆ యాప్ నంబర్లని ఎంతవరకు నమ్మొచ్చు?

చాలా ఫోన్లలో యాప్‌కి అందే జీపీఎస్ రీడింగ్ సెకనుకి ఒకటి. లాంచ్ అంతా, అంటే ఆ మొదటి 19 మీటర్లు, మూడు సెకన్లలో అయిపోతుంది. మీ ఫోన్ దాన్ని మూడు చుక్కలుగా చూస్తుంది. మధ్యలో ఏం జరిగిందో యాప్ ఊహించి గీత గీస్తుంది. పైగా నిలబడ్డ బండి లొకేషన్ మ్యాప్ మీద అటూ ఇటూ ఎగరకుండా ఫోన్ సాఫ్ట్‌వేర్ దాన్ని కాసేపు పట్టి ఉంచొచ్చు. బండి కదిలిన అసలు క్షణం అందులో పోతుంది.

నేను ఒకసారి శంకర్‌పల్లి వైపు ఇంకా ఇళ్లు కట్టని ఒక వెంచర్‌లో, ఓనర్‌ని అడిగి, గేటు వేయించుకుని, నా ఎలక్ట్రిక్ స్కూటర్‌తో సున్నా నుంచి 40 వరకు ట్రై చేశాను. అదే స్కూటర్, అదే రోడ్డు, అదే నేను. యాప్ ఒకసారి మూడు సెకన్లంది, ఇంకోసారి నాలుగంది, మళ్లీ మూడు. మూడుకీ నాలుగుకీ మధ్య స్పెక్ షీట్ ప్రపంచంలో ఎంత దూరమో మీకు తెలుసు, రెండు వేరియంట్ల ధర తేడా అది.

ఇక ఫినిష్ వేగం విషయంలో ఫోన్ పర్వాలేదు. జీపీఎస్ వేగాన్ని కొలిచేది రెండు చుక్కల మధ్య దూరం చూసే కాదు. శాటిలైట్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే డాప్లర్ మార్పు నుంచి కూడా తీస్తుంది, ఖాళీ ఆకాశం కింద అది బాగా కచ్చితం. పైగా 402 మీటర్ల చివర్లో బండి వేగం నెమ్మదిగానే పెరుగుతూ ఉంటుంది కాబట్టి అర సెకను అటూ ఇటూ అయినా ఒకటి రెండు కిలోమీటర్ల కంటే తప్పు రాదు. మా వాడి 138, 139 నిజానికి ఒకే నంబర్. కానీ ఆరు కిలోమీటర్ల తేడా ఉండి ఉంటే ఫోన్‌కి దొరికేది.

ఇక్కడో తమాషా గమనించారా? లాంచ్ దేన్ని మారుస్తుందో దాన్ని ఫోన్ సరిగ్గా కొలవలేదు. లాంచ్ దేన్ని మార్చదో దాన్ని చక్కగా కొలుస్తుంది. మనమేమో స్క్రీన్‌షాట్‌లో మొదటి నంబర్‌నే గ్రూపులో పెడతాం.

'యాక్సిలరోమీటర్ ఉంది కదా' అని కామెంట్ పెట్టబోతున్న వాళ్లకి: ఉంది, సెకనుకి వందల రీడింగ్‌లు ఇస్తుంది, కదిలిన క్షణాన్ని పట్టుకోవడానికి అద్భుతం. మంచి యాప్‌లు అందుకే వాడతాయి. కానీ దాంతోనే వేగం లెక్కేస్తే గోవిందా. లాంచ్‌లో కారు ముక్కు రెండు డిగ్రీలు పైకి లేచిందనుకోండి. ఫోన్ దాన్ని గురుత్వాకర్షణ పక్కకి లాగడంగా కాకుండా బండి ముందుకి దూకడంగా చదువుతుంది. ఆ రెండు డిగ్రీల తప్పు నాలుగు సెకన్లలో దాదాపు 5 కి.మీ. వేగం అవుతుంది. లేని వేగం.

రాయదుర్గం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు జీపీఎస్ టెస్టులు చేయకండి, నేను చేసి చూశాను. ఆ అద్దాల టవర్ల మధ్య సిగ్నల్ గోడలకి కొట్టుకుని వస్తుంది. ఫుట్‌పాత్ మీద నిలబడి టీ తాగుతుంటే యాప్ నేను నడుస్తున్నానంది. ఎల్‌5 బ్యాండ్ కూడా పట్టే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లు ఈ విషయంలో మెరుగు, కానీ మాయేమీ లేదు.

సీరియస్‌గా కొలవాలంటే విడిగా దొరికే జీపీఎస్ బాక్సులున్నాయి. డ్రాగీ లాంటివి సెకనుకి 10 రీడింగ్‌లు, రేస్‌బాక్స్ మినీ లాంటివి 25 తీసుకుంటాయి, బ్లూటూత్‌తో ఫోన్‌కి పంపిస్తాయి. ఏడాదికి రెండుసార్లు కొలిచేవాళ్లు కొనాల్సిన పనిలేదు, నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. కొన్నాక సెట్టింగ్స్‌లో 'రోల్‌అవుట్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. డ్రాగ్ స్ట్రిప్ మీద టైమర్ మొదలయ్యేది బండి దాదాపు ఒక అడుగు కదిలాకే. ఆ ఒక్క అడుగుకే పావు సెకను పైన పడుతుంది. అది ఆన్ చేసి ఒకరు, ఆఫ్ చేసి ఒకరు పోల్చుకుంటే అక్కడే పెట్రోలు పోయకుండా పావు సెకను గెలిచేయొచ్చు.

కంపెనీలు కూడా ఈ ఆట ఆడతాయి. టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కి గంటకి 60 మైళ్లు 1.99 సెకన్లలో అని చెప్పినప్పుడు కింద చిన్న అక్షరాల్లో మొదటి అడుగు తీసేశాం అని ఉంది. అమెరికా పత్రిక మోటార్‌ట్రెండ్ 2021లో దాన్ని జిగురు మందు కొట్టిన డ్రాగ్ స్ట్రిప్ మీద కొలిస్తే 1.98 వచ్చింది. మామూలు తారు మీద 2.07. కారు అదే, మోటార్లు అవే, మారింది కింద నేల.

హుస్సేన్ సాగర్ పక్కన

ఈ తేడాని మన ఊళ్లోనే చూసే అవకాశం ఒకసారి వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్ మీద ఫార్ములా ఈ రేస్ జరిగింది. మిచ్ ఎవాన్స్ ముందు వరసలో మొదటి స్థానం నుంచి బయల్దేరాడు, కొద్దిసేపటికి సొంత టీమ్ వాడు శామ్ బర్డ్ వచ్చి గుద్దేశాడు, చివరికి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇది డ్రాగ్ రేస్ కాదు, మలుపుల సర్క్యూట్. కానీ స్టార్ట్ లైన్ నుంచి మొదటి మలుపు దాకా ఏ సర్క్యూట్ రేసైనా ఒక చిన్న డ్రాగ్ రేసే.

ఆ రోజు నడిచినవి జెన్3 కార్లు. వెనక మోటారు గరిష్ఠంగా 350 కిలోవాట్లు. ముందు కూడా ఒక మోటారుంది, 250 కిలోవాట్లది, కానీ అది బ్రేక్ వేసినప్పుడు కరెంటు వెనక్కి లాక్కోవడానికే. తోయడానికి దాన్ని వాడనివ్వలేదు. అంటే మామూలు రోజుల్లో బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు మీద, ఆ పవరంతా రెండు వెనక చక్రాలతోనే పెట్టాలి. టైర్లు కూడా ఎండకీ వానకీ ఒకటే వాడే గాళ్ల టైర్లు, స్లిక్స్ కావు.

తర్వాత వచ్చిన జెన్3 ఈవో కార్లో, 2024-25 సీజన్ నుంచి, స్టార్ట్ దగ్గరా ఇంకొన్ని సందర్భాల్లోనూ ముందు మోటారు కూడా తోయొచ్చన్నారు. టైర్లు కూడా మెరుగుపరిచారు. ఫలితం: సున్నా నుంచి 60 మైళ్లు 1.82 సెకన్లు. ఫార్ములా వన్ కారు కంటే ముప్పై శాతం త్వరగా అని వాళ్ల ప్రకటన. మరి గరిష్ఠ వేగం? జెన్3కి గంటకి 322 కి.మీ. జెన్3 ఈవోకీ 322 కి.మీ. గరిష్ఠ పవర్ కూడా అదే 350.

నేనొక చిన్న భాగహారం చేశాను. డ్రైవర్‌తో కలిపి సుమారు 850 కిలోల కారుని 1.82 సెకన్లలో 60 మైళ్లకి తీసుకెళ్లాలంటే సగటున 1.5 జీ కావాలి. ఆ త్వరణాన్ని 60 మైళ్ల దగ్గర కూడా నిలబెట్టడానికి కావాల్సిన పవర్ దాదాపు 335 కిలోవాట్లు. అంటే ఆ 1.82 సెకన్లూ మోటారుకి పవర్ కొరత రాలేదు, మొత్తం టైరు ఆటే. అది దాటాక పాత కారూ కొత్త కారూ ఒకటే. మా వాడి రెండు స్క్రీన్‌షాట్ల కథే, కాస్త ఖరీదైన వెర్షన్.

హైదరాబాద్‌లో రెండో రేస్ జరగలేదు. 2024 రేస్ రద్దయింది. ఈవో కారు మన రోడ్డు మీద ఎలా దూకేదో చూసే అదృష్టం లేకపోయింది.

ఈ సూత్రం పనిచేయని చోట్లు

దూరం చిన్నదైతే బండికి లాంచ్ మర్చిపోయే టైముండదు. 402 మీటర్లకి చెప్పింది 50 మీటర్లకి చెప్పకండి. ఇంకో కొసన అమెరికాలోని టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్లు. వాటి పవర్ ఎంత ఎక్కువంటే ట్రాక్‌లో చాలా భాగం టైరు పట్టే హద్దు, పవర్ కాదు. క్లచ్‌ని కావాలనే జారనిస్తూ మెల్లమెల్లగా పట్టిస్తారు. వాటికి పట్టు పోతే టైమూ పోతుంది, వేగమూ పోతుంది. స్కాట్ కలిట్టా ప్రమాదంలో చనిపోయాక 2008లో వాటి దూరాన్ని 1,000 అడుగులకి తగ్గించారు, అయినా 530 కి.మీ. వేగం దాటేస్తున్నాయి.

మన రోజువారీ కథ స్కూటర్లది. ఎలక్ట్రిక్ స్కూటర్ యాడ్‌లో జీరో టు ఫార్టీ పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏథర్ 450 అపెక్స్‌కి 2.9 సెకన్లు చెబుతారు. లెక్క చేస్తే సగటున 0.39 జీ. లాంచ్‌లో మొత్తం బరువులో నాలుగింట మూడు వంతులు వెనక చక్రం మీద ఉందనుకుంటే, రోడ్డుకీ టైరుకీ మధ్య ఘర్షణ గుణకం కనీసం 0.52 ఉండాలి. పొడి తారుకి అది సమస్యే కాదు. తడి రోడ్డు మీద ఆ హద్దు దగ్గరికొచ్చేస్తాం. తడిసిన జీబ్రా క్రాసింగ్ పెయింట్ మీద, ఫ్లైఓవర్ జాయింట్ ఇనుప పట్టీ మీద ఇంకా కిందికి పడిపోతుంది.

ఇది నాకు లెక్కల కంటే ముందే తెలుసు. రెండేళ్ల క్రితం జులైలో, కొత్తగూడ దగ్గర సిగ్నల్. వెనక చక్రం సరిగ్గా తెల్ల గీత మీదుంది, మోడ్ ఫాస్ట్‌లో ఉంది, పచ్చలైటు పడింది, నేను ఎప్పట్లాగే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. వెనక భాగం పక్కకి వచ్చేసింది. మోకాలు, మోచెయ్యి, ప్యాంటు. నా వెనకున్న క్యాబ్ డ్రైవర్ బ్రేక్ వేశాడు కాబట్టి ఇది రాస్తున్నాను. "గంత తొందరేంది తమ్మీ" అన్నాడాయన, స్కూటర్ లేపుతూ. తొందరేం లేదు, స్టాండప్ మీటింగ్‌కి ఇంకా నలభై నిమిషాలుంది.

అందుకే స్కూటర్ కొనేవాళ్లకి నా సలహా: జీరో టు ఫార్టీలో 0.3 సెకన్ల తేడా కోసం పై వేరియంట్‌కి వెళ్లకండి, ట్రాక్షన్ కంట్రోల్ కోసం వెళ్లండి. ఏథర్ 2025 జనవరిలో 450 సిరీస్‌కి రెయిన్, రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లు తెచ్చింది. ఇలాంటిదేదైనా ఉన్న స్కూటర్‌లో చక్రం జారడం మొదలవగానే మోటారు తనే తగ్గుతుంది. పెట్రోల్ ఇంజన్ కంటే మోటారు ఈ పనిని చాలా వేగంగా చేయగలదు, ఈవీల్లో నాకు నిజంగా నచ్చే విషయం ఇదే. వాన రోజున రెయిన్ మోడ్ పెట్టుకోండి. ఆఫీసుకి పట్టే టైమ్ మారదు, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఎలాగూ అందరం కలుస్తాం.

ఔటర్ సంగతి

మా వాడి 139 ఔటర్ మీద కొట్టిందని చెప్పాను కదా. అక్కడ గరిష్ఠ పరిమితి 120. 402 మీటర్ల టెస్ట్ చేయాలంటే ముందు ఆగాలి, ఎనిమిది లేన్ల ఎక్స్‌ప్రెస్‌వే మీద తెల్లవారుజామున ఆగిన కారుకంటే ప్రమాదం ఇంకేముంటుంది? టీ-హబ్ వైపు రోడ్ల మీద రాత్రిళ్లు బైక్ స్టంట్లు, రేసులు చేసేవాళ్ల మీద పోలీసులు కేసులు పెట్టి బళ్లు పట్టుకెళ్లిన వార్తలు మనమందరం చదివాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం పబ్లిక్ రోడ్డు మీద వాహనాల మధ్య రేస్ చేసినా, వేగ పరీక్ష చేసినా మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. 'రేస్ కాదు, వేగం పరీక్షించుకున్నాం' అంటే కుదరదు, వేగ పరీక్ష కూడా అందులోనే ఉంది. యాప్ స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైమ్, లొకేషన్ అన్నీ ఉంటాయి. సాక్ష్యాన్ని మనమే వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం.

కొలవాలన్న కోరిక తప్పు కాదు, నాకూ ఉంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, జాతీయ మోటార్‌సైకిల్ డ్రాగ్ పోటీలు అక్కడే జరిగేవి. మా వాడు అక్కడ ట్రాక్ డే ఉన్నప్పుడు వెళ్దామంటున్నాడు. బాక్స్ ఒకటి అప్పు అడిగాం. మూడు రన్‌లు రీమ్యాప్‌తో, మూడు పాత ఫైల్ మళ్లీ ఎక్కించి, అవే టైర్లతో. టైమ్ కాదు, ట్రాప్ స్పీడ్ చూస్తాం.

ఈలోపు వాడు ఆ రెండు స్క్రీన్‌షాట్లూ ట్యూనర్‌కి పంపించి, స్పీడ్ ఎందుకు పెరగలేదని అడిగాడట. రెండు రోజులకి రిప్లై వచ్చింది: "టైం తగ్గింది కదన్నా, ఇంకేం కావాలె?"